ఉమ్మడి ఇంట్లో ఒకే టీవీ, ఇద్దరు పిల్లలు: తెరమీది హింసను తగ్గించేదెలా?

ప్రశ్న: బెజవాడ అమ్మ

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో ఉమ్మడి కుటుంబం. అత్తగారు, మామగారు, మా వారు, నేను, పదకొండేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు ఉంటాం. ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ, అదీ హాల్లో, భోజనాల బల్లకు ఎదురుగా. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి అత్తగారి సీరియళ్ళు, ఆ తరువాత మామగారి వార్తలు, వార్తల మధ్యలో నేరాల మీద వచ్చే ప్రత్యేక కథనాలు వరుసగా నడుస్తాయి. పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారు, చూడటం లేదు అని అందరం అనుకుంటాం గాని, తల పుస్తకంలో ఉన్నా వారి చెవులు టీవీ దగ్గరే ఉంటాయి.

బాబుకు ఈమధ్య ఎవరి మీద కోపం వచ్చినా వారి చొక్కా కాలరు పట్టుకొని, మెడ ఒక పక్కకు వంచి, సినిమా హీరో మాట్లాడినట్టు గొంతు తగ్గించి బెదిరిస్తున్నాడు. మొదట ఇంటిల్లిపాదీ నవ్వారు, వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. బడిలో తోటి పిల్లవాడిని అలాగే పట్టుకొని గోడకేసి నెట్టాడని టీచరు పిలిపించి చెప్పాక నవ్వులు ఆగాయి. పాప సంగతి వేరు. ఒక హత్యకు సంబంధించిన సీసీటీవీ దృశ్యాన్ని, చుట్టూ ఎర్రటి వలయం గీసి, ఒక చానెల్ వారు అదే పనిగా వేస్తుంటే చూసింది. అప్పటి నుంచి లిఫ్టులో ఒంటరిగా ఎక్కడం లేదు, రాత్రిపూట బాత్రూముకు వెళ్ళాలంటే నన్ను లేపుతోంది, ‘మన వీధిలో కూడా అలా జరుగుతుందా’ అని అడుగుతోంది.

మా వారికి సినిమా అంటే ప్రాణం. పెద్ద హీరో సినిమా విడుదలైతే మొదటి వారంలోనే అందరం వెళ్ళవలసిందే. నేను వద్దంటే ‘యు/ఎ సినిమాకు పిల్లలను తీసుకువెళ్ళవచ్చు గదా’ అంటారు, ‘మేం చిన్నప్పుడు ఫైటింగులు చూడలేదా, ఏమైపోయాం’ అని కూడా అంటారు. దీనికి నా దగ్గర సరైన సమాధానం లేదు. నేను అనవసరంగా కంగారు పడుతున్నానా? టీవీ, ఫోను పూర్తిగా మాన్పించడం ఈ ఇంట్లో సాధ్యమయ్యే పని కాదు. అది కాకుండా ఏమైనా దారి ఉందా? అన్నిటికంటె పెద్ద చిక్కు, పెద్దవారి మనసు కష్టపెట్టకుండా ఈ మాట ఎత్తడం ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పిల్లల వైద్యుడు, విశాఖ

బెజవాడ అమ్మ గారూ, మీ ఇద్దరు పిల్లలదీ ఒకే సమస్య కాదు. బాబుది అనుకరణ, పాపది భయం. ఇద్దరికీ కలిపి ఒకే నియమం పెడితే ఏ ఒక్కరికీ సరిగ్గా సరిపోదు.

ముందు భయం గురించి చెబుతాను, ఎందుకంటే ఇళ్ళల్లో దానిని ఎవరూ పట్టించుకోరు. కొట్టే పిల్లవాడి మీద బడి నుంచి ఫిర్యాదు వస్తుంది, లోలోపల భయపడే పిల్ల గురించి ఎవరూ వచ్చి చెప్పరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోవాన్ కాంటర్ పిల్లలకు తెరమీది దృశ్యాల వల్ల కలిగే భయాల మీద చాలాకాలం పరిశోధించారు. బాగా చిన్న పిల్లలు ప్రధానంగా రూపాన్ని చూసి జడుసుకుంటారని, వికృతమైన ముఖం, ఉన్నట్టుండి మారిపోయే ఆకారం వంటివి వారిని భయపెడతాయని, అదంతా కల్పన అని ఎంత నచ్చజెప్పినా ఆ వయసులో ప్రయోజనం ఉండదని ఆమె పరిశోధనల్లో తేలింది. పెద్దయ్యేకొద్దీ కల్పన మీది భయం తగ్గి, నిజంగా జరగగలిగే వాటి మీద భయం పెరుగుతుంది. అందువల్ల మీ పాపను దయ్యాల సినిమా కన్న రాత్రి వార్తలే ఎక్కువ కలవరపెడతాయి. బాబు జడుసుకున్నప్పుడు వివరణలు పెట్టుకోకుండా, టీవీ కట్టేసి, దగ్గరకు తీసుకొని, మంచినీళ్ళు తాగించి, వేరే గదిలోకి తీసుకువెళ్ళండి. పాపకు మాత్రం మాటలే మందు. తాను ఏం చూసిందో, దానిని ఎలా అర్థం చేసుకున్నదో ముందు ఆమె చేతనే చెప్పించండి. ఆ సంఘటన ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, నిందితుడు ఏమయ్యాడు అన్న వివరాలు తెలిసినంతవరకు చెప్పండి. ఒక్క సంఘటననే గంటసేపు తిప్పి తిప్పి వేస్తే, చూసే పిల్లలకు అది అనేక సంఘటనలుగా తోస్తుందన్న సంగతి మరవకండి. కొన్ని వారాలు గడిచినా భయం తగ్గకపోతే, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే, దగ్గరలోని పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక బాబు విషయం. పూర్తిగా మాన్పించడం కుదరదన్నారు, మానవలసిన అవసరం కూడా లేదనే నా అభిప్రాయం. సియాటిల్‌లో పిల్లల వైద్య పరిశోధకుడు దిమిత్రి క్రిస్టాకిస్ బృందం 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలున్న 565 కుటుంబాలతో ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2013లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో ప్రచురించింది. కుటుంబాలను చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆహారపు అలవాట్ల గురించి సలహాలు ఇచ్చారు. రెండో భాగంలోని తల్లిదండ్రులకు టీవీ చూసే సమయాన్ని తగ్గించమని చెప్పలేదు. కొట్టుకోవడం, తన్నుకోవడం ఉండే కార్యక్రమాల స్థానంలో సాయం చేసుకోవడం, పంచుకోవడం, కొత్త సంగతులు నేర్చుకోవడం చూపే కార్యక్రమాలు పెట్టమన్నారు, అటువంటివి ఏవో నెలనెలా జాబితా పంపారు, ఫోను చేసి కనుక్కున్నారు. ఆరు నెలల తరువాత చూస్తే, ఆ పిల్లల్లో దురుసుతనం కొంత తగ్గింది, నలుగురితో కలిసిమెలిసి ఉండే తీరు మెరుగుపడింది; తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల మగపిల్లల్లో ఆ మార్పు మరింత స్పష్టంగా కనిపించింది. నిద్రకు సంబంధించిన ఇబ్బందులు కూడా తగ్గాయని అదే ప్రయోగం నుంచి 2012లోనే వేరొక వ్యాసం వచ్చింది. ఫలితం పరిమాణంలో చిన్నదే, అద్భుతమేమీ కాదు. కానీ ‘టీవీ ఆపెయ్’ అనే మాట చెల్లని ఇళ్ళకు ‘చానెల్ మార్చు’ అన్న మాటైనా ఉపయోగపడుతుందని అది చూపించింది. మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పేది కూడా అదే: తీసేసిన దానికి బదులు ఏం పెడతారో ముందు సిద్ధం చేసుకోండి. ఖాళీ చేసిన గంటలోకి పిల్లవాడు తనకు తెలిసిన దానినే మళ్ళీ తెచ్చుకుంటాడు.

మీ వారి ప్రశ్న న్యాయమైనదే గనుక నిజాయితీగా జవాబు చెప్పాలి. తెరమీద హింస చూసిన పిల్లలందరూ హింసకు దిగుతారని ఏ బాధ్యత గల పరిశోధకుడూ చెప్పడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన పాత తీర్మానాన్ని సవరిస్తూ, హింసాత్మక వీడియో గేములకూ, అరవడం, తోయడం వంటి దురుసు ప్రవర్తనకూ మధ్య స్వల్పమైన సంబంధం కనిపిస్తున్నదని, నిజజీవితంలోని హింసాత్మక నేరాలకు వాటినే కారణంగా చూపడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని స్పష్టం చేసింది. అంటే ‘సినిమాలు చూసి రౌడీ అయిపోతాడు’ అన్న భయం అతిశయోక్తి, ‘ఏమీ కాదు’ అన్న ధీమా కూడా అతిశయోక్తే. ఐదేళ్ళ పిల్లవాడు తోటివాడిని గోడకు నెట్టడం మాత్రం మీ కళ్ళముందు ఉన్న విషయం, దానికి పెద్ద సిద్ధాంతాలు అవసరం లేదు.

సమయం సంగతి అడగలేదు గాని, భారతీయ బాలవైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళలోపు వారికి బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప తెర వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ వారికి రోజుకు గంటకు మించకూడదు, ఐదు నుంచి పదేళ్ళ వారికి రెండు గంటల లోపు ఉండాలి.

జవాబు: నేల టికెట్, రాజమండ్రి

డాక్టరుగారి మాట కాదనను గాని, ఈ చర్చల్లో ఎప్పుడూ దోషి సినిమాయే కావడం నాకు నచ్చదు. మేం గోదావరి గట్టున కర్రసాము చేస్తూ, తెల్లవారుజాము బెనిఫిట్ షోలకు వెళుతూ పెరిగినవాళ్ళం. మాలో ఎవరూ మనిషిని గోడకు కొట్టలేదు. సినిమాను సినిమాగా చూడటం మన జనానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ మాటకొస్తే మనం పిల్లలకు చెప్పే పురాణాల్లో ఉన్న హింస ఏ సినిమాలో ఉంది? హిరణ్యకశిపుడి పేగులు మెడలో వేసుకున్న నరసింహస్వామిని గుడి గోడ మీద బొమ్మగా చూపిస్తాం, దుశ్శాసనుడి రొమ్ము చీల్చిన భీముడి కథ అన్నం తినిపిస్తూ చెబుతాం. అప్పుడు లేని భయం తెర దగ్గరే ఎందుకు వస్తుంది? తెలుసుకోవాలనే అడుగుతున్నాను, ఎగతాళి కాదు.

జవాబు: విశ్రాంత తెలుగు పంతులు, కరీంనగర్

నేల టికెట్ గారు అడిగినది మంచి ప్రశ్న. జవాబు చెప్పకుండా దాటేస్తే బెజవాడ అమ్మగారి ఇంట్లో రేపు అదే ప్రశ్న మళ్ళీ లేస్తుంది.

కథ చెప్పేటప్పుడు తాత కళ్ళు మనుమడి ముఖం మీదే ఉంటాయి. కనుబొమలు ముడిపడ్డాయని తోస్తే గొంతు తగ్గిస్తాడు, రక్తపాతం దగ్గర రెండు వాక్యాలు మింగేస్తాడు, అక్కడ ఒక హాస్యం చొప్పిస్తాడు. బొమ్మ ఎంత భయంకరంగా ఉండాలో వినే పిల్లవాడే తన మనసులో నిర్ణయించుకుంటాడు. తెరకు ఎదురుగా కూర్చున్నది ఐదేళ్ళవాడా యాభై ఏళ్ళవాడా అన్నది తెలియదు. ఇది ఒక తేడా. దీనికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. భారతంలో యుద్ధం ముగిశాక స్త్రీపర్వం వస్తుంది. గాంధారి రణభూమిలో ఒక్కొక్క కొడుకు శవం దగ్గర నిలబడి ఏడుస్తుంది. గెలిచిన పాండవులకు ఉపపాండవులు మిగలలేదు, ధర్మరాజు ఆ గెలుపు నాకెందుకని కుమిలిపోతాడు. కొట్టినవాడు గొప్పవాడే అయినా ఆ దెబ్బకు లెక్క చెప్పవలసి వస్తుంది. మన మాస్ సినిమాలో హీరో నలభై మందిని గాలిలోకి లేపి కొట్టిన తరువాత వారిలో ఒక్కడి ఇంటికైనా కెమెరా వెళుతుందా? వెంటనే పాట వస్తుంది.

బి.ఎడ్. చదివిన ఉపాధ్యాయులందరికీ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా పేరు తెలిసే ఉంటుంది. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో, పెద్దవారు ఒక గాలిబొమ్మను కొట్టడం చూసిన చిన్నపిల్లలు ఆ తరువాత దానిని అలాగే, అవే మాటలు అంటూ కొట్టారని ఆయన చూపించారు. తెరమీద చూసినా అనుకరణ ఉంటుందని తరువాతి ప్రయోగంలో తేలింది. 1965లో వచ్చిన ప్రయోగాన్ని పెద్దలు ఎక్కువగా చెప్పుకోరు గాని నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కాని, చూసినది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వారు కూడా మిగతావారితో సమానంగా చేసి చూపారు. అంటే అందరూ నేర్చుకున్నారు, బయటపెట్టడానికి తగిన మెప్పు కోసం కొందరు ఆగారు. అమ్మా, మీ బాబు కాలరు పట్టుకొన్నప్పుడు ఇంటివారు నవ్వి, వీడియో తీసి, బంధువులకు పంపారే, అదే ఆ బహుమతి. ఇకమీదట ఎవరూ నవ్వకుండా, ఎవరూ తిట్టకుండా, ‘కోపం వచ్చిందా? ఏం కావాలో నోటితో చెప్పు’ అని ఒక్క మాట అని ఊరుకొంటే ఆ వేషం త్వరలోనే పాతబడుతుంది.

పెద్దవారితో మాట ఎత్తడం గురించి అడిగారు. నేను కూడా ఇద్దరు మనుమలతో ఒకే ఇంట్లో ఉంటున్న తాతనే గనుక మీ మామగారి తరఫు నుంచి చెబుతాను. కోడలు వచ్చి ‘వార్తలు ఆపండి’ అంటే ఏ మామగారికైనా చిన్నబుచ్చినట్టే ఉంటుంది. ఆ మాట ఆయన కొడుకు చెప్పాలి, అది కూడా టీవీ నడుస్తున్నప్పుడు కాదు, పొద్దున్నే పేపరు చదువుకుంటూ కాఫీ తాగే వేళ. ‘నాన్నా, వార్తలు మానండి’ అని కాకుండా, ‘పాప భయపడుతోంది, ఏం చేద్దాం’ అని అడగాలి. మనుమరాలు లిఫ్టు ఎక్కడానికి భయపడుతున్నదని తెలిస్తే రిమోటు ఆయనే పక్కన పెడతారు, మాకు రిమోటు కన్న మనుమలే ఎక్కువ. పిల్లలు పడుకున్నాక చూసుకోవడానికి ఆయన గంట ఆయనకు ఉండనివ్వండి. ఆ ముందరి గంటలో ఆయనకు ఒక పని అప్పగించండి: బాబును కిందికి ఆటకు తీసుకువెళ్ళడమో, ఎక్కాలు అప్పజెప్పించుకోవడమో, కథ చెప్పడమో. ఏ పనీ లేని ముసలివాడికి వార్తలు వదులుకోవడం చాలా కష్టం.

పాప విషయంలో ఆయనను వార్తలకు దూరం పెట్టవద్దు, దగ్గర పెట్టండి. పొద్దున పేపరులోని ఒక వార్త తీసుకొని, ఇది ఏ జిల్లాలో జరిగింది, పోలీసులు ఏం చేశారు, కోర్టు ఏమన్నది అని తాతా మనుమరాలూ కలిసి చదివితే, పేపరులో రెండు అంగుళాల వార్త రాత్రి టీవీలో గంట కార్యక్రమం ఎలా అయిందో ఆ పిల్లే కనిపెడుతుంది. పదకొండేళ్ళ పిల్లకు అటువంటి తెలివి రావడం పెద్ద రక్షణ.

అత్తగారి సీరియళ్ళ గురించి నేను సలహా చెప్పలేను. మా ఇంట్లోనూ అది తేలలేదు.

జవాబు: హైదరాబాద్ నాన్న

నేను సాఫ్ట్‌వేరు పని చేస్తాను, కాబట్టి మీటల సంగతి చెబుతాను. మీ ఇంటి టీవీలో యూట్యూబ్ ఎవరి ఖాతాతో నడుస్తోందో ముందు చూడండి. చాలా ఇళ్ళల్లో తాతగారి ఖాతా ఒక్కటే ఉంటుంది. ఆయన నేరకథనాలు చూస్తారు కనుక, బాబు బొమ్మల పాటలు చూడటానికి తెరిచినా మొదటి పేజీలో కత్తులు, పోలీసు జీపులు కనిపిస్తాయి. పిల్లలకు వేరే ఖాతా పెట్టడమే దీనికి మందు. బాబుకు యూట్యూబ్ కిడ్స్ పెట్టి, అందులో మీరు ఆమోదించిన వీడియోలు, చానెళ్ళు మాత్రమే కనబడే ఏర్పాటును ఎంచుకోండి. కంపెనీ ఎంపికకు వదిలేస్తే ముద్దుగా కనిపించే బొమ్మల చాటున పిచ్చి వీడియోలు కూడా చొరబడతాయని 2017లో పెద్ద గొడవే జరిగింది. పాపకు గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా మీ పర్యవేక్షణలో ఉండే ఖాతా తెరవవచ్చు. ఒకదాని తరువాత మరొకటి తనంతట తానే మొదలయ్యే ఆటోప్లేను అన్నిచోట్లా ఆపేయండి, ఎందుకంటే మొదటి వీడియో మీరు పెట్టినదే అయినా ఐదోది ఎవరు పెట్టినదో ఎవరికీ తెలియదు.

ఓటీటీలో ఎక్కువమంది పిల్లల ప్రొఫైల్ ఒకటి తెరిచి అక్కడితో ఆగిపోతారు. పిల్లవాడు వెనక్కి నొక్కి నాన్న ప్రొఫైల్‌లోకి వెళ్ళిపోతాడు. పిన్ పెట్టవలసింది పెద్దల ప్రొఫైళ్ళకు. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతి కార్యక్రమానికీ యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వయసు చూపించాలి, 13+ నుంచి పైవాటికి తాళం వేసుకొనే సౌకర్యం ఇవ్వాలి. సౌకర్యం వారు ఇస్తారు, వేసుకోవలసింది మనమే. డీటీహెచ్ సెట్‌టాప్ బాక్సుకు కూడా చానెల్ తాళం ఉంటుంది. దాని పిన్ కంపెనీ ఇచ్చినది అలాగే ఉంచేస్తే పదకొండేళ్ళ పిల్లకు అది తాళమే కాదు. ఫోనులో ఆటల విషయానికొస్తే ప్లే స్టోరులో వయసు పరిమితి పెట్టవచ్చు గాని, అంతకుముందే ఫోనులో ఉన్న తుపాకుల ఆటను అది తీసేయదు, మీరే తీయాలి.

ఇవన్నీ చేసినా బాబు నానమ్మ ఫోను తీసుకుంటాడు. అందువల్ల వీటిని కంచెగా వాడుకోండి గాని కాపలా మనిషి అనుకోవద్దు.

చానెల్ మీద కోపం ఉంటే ఫిర్యాదు చేయండి. పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వారికి తగని కార్యక్రమాలు వేయకూడదని కేబుల్ టెలివిజన్ నియమావళిలో ఎప్పటి నుంచో ఉంది. తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసి ముందు చానెల్‌కు పంపాలి. 2021లో వచ్చిన సవరణ ప్రకారం వారు 15 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోయినా, తృప్తి కలగకపోయినా ఆ చానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు.

జవాబు: లెస్టర్ తెలుగింటి ఆడపడుచు

యు/ఎ గురించి మీ వారు చెప్పిన మాటలో సగమే నిజముంది. ‘ఎ’ సినిమాకు పద్దెనిమిదేళ్ళ లోపు వారిని థియేటరు వారు రానివ్వకూడదు. యు/ఎ అలాంటి అనుమతి గాని నిషేధం గాని కాదు. ఆ నిర్ణయం తల్లిదండ్రులదే అని సెన్సారు బోర్డు మనకు అప్పగించడం. 1983 నుంచి ఉన్న ఆ ఒక్క యు/ఎను 2023 నాటి సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణతో యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+ అని మూడుగా చేశారు. కాబట్టి ఇప్పుడు టికెట్ కొనేటప్పుడు ‘యు/ఎనా’ అని కాకుండా ‘ఏ యు/ఎ’ అని చూడాలి. యు/ఎ 16+ సినిమాకు ఐదేళ్ళ పిల్లవాడిని తీసుకువెళితే గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు, కానీ పదహారు దాటినవారికి తగినదని బోర్డు అనుకున్న సినిమా అది.

ఇంగ్లండులో 15 అని ముద్ర పడిన సినిమాకు పదిహేనేళ్ళ లోపు పిల్లలను తల్లిదండ్రులు వెంట ఉన్నా లోపలికి పంపరు. పండుగ రోజున మన సినిమాకు పసిపిల్లలతో వచ్చి, టికెట్లు చేతిలో ఉండగా గుమ్మం దగ్గర వాదించి, చివరికి తండ్రి ఒక్కడూ లోపలికి, తల్లీ పిల్లలూ పార్కింగులోకి వెళ్ళిన కుటుంబాలను ఇక్కడ చూశాను. అమెరికాలో మా బంధువులది మరో తంటా. అక్కడ మన తెలుగు సినిమాలు చాలావరకు రేటింగు తీసుకోకుండానే విడుదలవుతాయి, అందువల్ల ఇండియాలో ‘ఎ’ వచ్చిన సినిమా అయినా అక్కడి పోస్టరు మీద ఏ హెచ్చరికా కనబడదు.

మీకు పనికివచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడి థియేటర్లలో విడుదలయ్యే తెలుగు సినిమాలను బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ఫిల్మ్ క్లాసిఫికేషన్ చూసి ముద్ర వేస్తుంది. ఆ సంస్థ వెబ్‌సైటులో సినిమా పేరు కొడితే, ముద్ర ఒక్కటే కాకుండా, హింస ఏ తరహాది, గాయాలు, రక్తం ఎంతవరకు కనిపిస్తాయి, ఆత్మహత్య, లైంగిక హింస ప్రస్తావనలు ఉన్నాయా అన్నది కొన్ని వాక్యాల్లో రాసి ఉంటుంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు, విజయవాడ నుంచైనా చదువుకోవచ్చు. అక్కడ 15 గాని 18 గాని ఉంటే మీ వారికి చూపించండి, మీరు విడిగా వాదించనక్కరలేదు. ఇక్కడి కత్తిరింపులు, అక్కడి కత్తిరింపులు ఒకటే కాకపోవచ్చు, ఆ మేరకు గుర్తుంచుకోండి.

పిల్లల పక్కన కూర్చొని చూస్తున్నాం గదా అన్న ధీమా గురించి కూడా ఒక మాట. అమెరికాలో ఎమీ నాథన్సన్ అనే పరిశోధకురాలు చేసిన పరిశోధనల్లో, తల్లిదండ్రులు పక్కనే ఉండి మాట్లాడకుండా చూస్తే పిల్లలు దానిని మెప్పుగానే తీసుకోవచ్చని తేలింది. ‘అలా కొడితే నొప్పి పుట్టదా?’, ‘మాటలతో చెప్పి ఉండవచ్చు గదా?’ అని అప్పుడప్పుడు అంటూ ఉండాలి. మన థియేటర్లో పక్కన తండ్రి ఈల వేస్తుంటే పిల్లవాడు ఏమనుకోవాలో మీరే ఆలోచించండి.

జవాబు: నేల టికెట్, రాజమండ్రి

ఈల మీద దెబ్బ నాకే తగిలింది, సరే. స్త్రీపర్వం మాట బాగుంది పంతులుగారూ, దానికి నా దగ్గర ఎదురు మాట లేదు.

అమ్మగారూ, అభిమానికి అభిమానే దారి చెప్పాలి. మీ వారికి కావలసింది మొదటి రోజు మొదటి ఆట, కాగితాలు ఎగరడం, పక్కన అరిచేవాళ్ళు. అక్కడ పిల్లలు ఉంటే ఆయనకూ సుఖం లేదు; ఇంటర్వెల్లో పాప్‌కార్న్, మధ్యలో బాత్రూము, క్లైమాక్సులో బాబు ఏడుపు. మొదటి రోజు ఆయనను స్నేహితులతో ఒంటరిగా పంపండి. తిరిగి వచ్చాక పిల్లలు చూడదగినదా కాదా అన్న తీర్పు ఆయన చేతనే చెప్పించండి. చూడదగినదే అయితే రెండో వారంలో, జనం పలచబడ్డాక, పగటి ఆటకు అందరూ వెళ్ళవచ్చు. ఏ ఫైటు ఎప్పుడు వస్తుందో ఆయనకు ముందే తెలుసు గనుక ఆ పది నిమిషాలు బాబును బయటికి తీసుకువెళ్ళే బాధ్యత కూడా ఆయనదే.

బెజవాడ అమ్మ

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నేల టికెట్ గారి సలహా మా వారికి చదివి వినిపించాను. ‘ఎవరో తెలిసినవాడిలా ఉన్నాడు’ అని నవ్వి, మొదటి రోజు ఒక్కడినే వెళ్ళడానికి సంతోషంగా ఒప్పుకున్నారు. మామగారితో కాఫీ వేళ మా వారే మాట్లాడారు. పాప భయం గురించి ఆయనకు నిజంగానే తెలియదట. ఇప్పుడు తొమ్మిదింటి వరకు వార్తలు పెట్టడం లేదు. ఆ సమయంలో అత్తగారి సీరియల్ మరొకటి వచ్చి చేరింది, అది వేరే కథ.

ఇంకొక్కటి అడగాలి. సంక్రాంతికి మా పుట్టింటికి, పామర్రు దగ్గర పల్లెకు వెళతాం. అక్కడ పదిమంది పిల్లలు చేరతారు, పెద్దపిల్లల చేతుల్లో ఫోన్లు, తుపాకుల ఆటలు. మా ఇంటి నియమాలు అక్కడ ఎలా నిలుస్తాయి?

జవాబు: పిల్లల వైద్యుడు, విశాఖ

నిలవవు, నిలపాలని పట్టుబట్టనూ వద్దు. పండుగ మూడు నాలుగు రోజులు చూసినదాని వల్ల వచ్చే నష్టం కన్న, పిల్లలందరిలో మీ బాబు ఒక్కడినే వేరుచేయడం వల్ల వాడికి కలిగే కష్టం ఎక్కువ. రోజూ ఇంట్లో నడిచేదే లెక్కలోకి వస్తుంది. అయితే ఆ పెద్దపిల్లల తల్లులతో, అంటే మీ అక్కచెల్లెళ్ళు, వదినలతో ముందే ఫోనులో మాట్లాడి, భోజనాల తరువాత ఒక పూట ఫోన్లన్నీ ఒక గదిలో పెట్టించే ఏర్పాటు చేసుకోవచ్చు. పదిమంది పిల్లలు, గాలిపటాలు, భోగిమంటకు పిడకలు, పశువుల కొట్టం ఉన్నచోట ఆ ఒక్క పూట గడపడం కష్టం కాదు. పాపను మాత్రం ముందే అడిగి ఉంచండి: నీకు నచ్చనిది ఎవరైనా చూపిస్తే ఏం చేస్తావు అని. ‘నాకు వద్దు’ అని లేచి వచ్చేయవచ్చునని, అలా వస్తే ఎవరూ వెక్కిరించకుండా మీరు చూసుకుంటారని ఆమెకు ముందుగా తెలిసి ఉండాలి. బాబు తిరిగి వచ్చాక రెండు రోజులు తుపాకీ చప్పుళ్ళు చేస్తాడు. ఎవరికీ దెబ్బ తగలనంతవరకు చేయనివ్వండి.